నలభై తొమ్మిదేళ్ల గీతకు ఆవల: హెచ్.ఐ.వి. చికిత్సాచరిత్రలో వృద్ధాప్యం, మందుల కొనసాగింపు

వ్యాససంగ్రహం:

హెచ్.ఐ.వి.తో జీవిస్తూ వృద్ధాప్యంలోకి అడుగుపెట్టినవారు మన సమాజంలో గత రెండు దశాబ్దాలలో రూపొందిన ఒక కొత్త వర్గం. వీరు మందులు క్రమం తప్పకుండా వాడుతున్నారా లేదా అనే ప్రశ్నను వైద్యరంగం చాలాకాలం రోగి నడవడికకు సంబంధించిన విషయంగానే చూసింది. మందు ధర, మాత్రల సంఖ్య, చికిత్సకు అర్హత, కేంద్రానికి గల దూరం అనే నాలుగు భారాలు ఏ క్రమంలో తగ్గాయో, అవి తగ్గినప్పుడల్లా చికిత్స ఎలా నిలబడిందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రాంతాలకు ఈ చరిత్రతో ఉన్న సంబంధాన్ని చూపుతూ, వయోవృద్ధుల విషయంలో ఇంకా మిగిలిపోయిన భారాలను గుర్తించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: హెచ్.ఐ.వి., ఏ.ఆర్.టి. చికిత్స, వృద్ధాప్యం, మందుల కొనసాగింపు, హైదరాబాదు ఔషధపరిశ్రమ, ప్రజారోగ్యచరిత్ర.

1. ఉపోద్ఘాతం:

మశూచి, ప్లేగు, కలరా వంటి వ్యాధుల చరిత్రను ఎక్కువగా మరణాల లెక్కలతోనే రాశారు. హెచ్.ఐ.వి. విషయంలోనూ తొలి పదిహేనేళ్ల చరిత్ర అటువంటిదే. ఆ తరువాతిది ప్రధానంగా బతికినవారి చరిత్ర. దానిని రాయడానికి మరణాల లెక్కలు చాలవు. ఒక మనిషి ఒక మందును ఎన్నేళ్లపాటు, ఏ పరిస్థితులలో, ఎవరి సాయంతో వాడగలిగాడో తెలియాలి.

2004 ఏప్రిల్‌లో 35 ఏళ్ల వయస్సులో ప్రభుత్వ ఉచిత చికిత్సలో చేరిన వ్యక్తిని ఊహించుకుందాం. 2024 నాటికి ఆ వ్యక్తి వయస్సు 55. తొలినాటి పద్ధతి ప్రకారం రోజుకు రెండు పూటలా మందు వేసుకుంటూ వచ్చి ఉంటే, ఇరవై ఏళ్లలో 14,600 సార్లు మందు చేతిలోకి తీసుకొని ఉండాలి. పెళ్లిళ్లు, చావులు, వలసలు, పొలం పనులు, ఆసుపత్రి సెలవులు, ఇంట్లో దాచవలసిన రహస్యాలు అన్నీ ఆ లెక్కలోనే ఉన్నాయి. ఇంతకాలం మందు తప్పనివారిని చూసి వారి క్రమశిక్షణను మెచ్చుకోవడం సహజం. మధ్యలో ఆగిపోయినవారిని నిర్లక్ష్యపరులని అనడమూ అంతే సహజంగా జరుగుతోంది. ఈ రెండు తీర్పులూ ఎంతవరకు సరైనవో చికిత్సాచరిత్ర ఆధారంగా పరిశీలించాలి.

హెచ్.ఐ.వి. పరిశోధనలలో 50 ఏళ్లు, అంతకు పైబడినవారిని పెద్దవయస్కులుగా పరిగణించడం రివాజు. భారతదేశ చట్టాలలో వయోవృద్ధులంటే 60 ఏళ్లు నిండినవారు. ఈ వ్యాసంలో పరిశోధనారంగపు ప్రమాణాన్నే స్వీకరించడమైనది. ఈ పదేళ్ల తేడాకు ఉన్న పర్యవసానాలను ఆరవ భాగంలో చర్చించడం జరుగుతుంది.

2. మందులేని కాలం, మందు మోయలేని కాలం (1981-1996):

1981 జూన్ 5న అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం తన వారపత్రికలో లాస్ ఏంజిలెస్‌కు చెందిన ఐదుగురు యువకులలో కనిపించిన అరుదైన న్యుమోనియాను గురించి ఒక చిన్న నివేదిక ప్రచురించింది. ఎయిడ్స్ గురించిన తొలి వైద్యప్రకటనగా చరిత్రకారులు దీనినే పేర్కొంటారు. 1983లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో ఫ్రాన్స్వాజ్ బారే-సినూసీ, లూక్ మాంటాన్యే బృందం ఈ వైరస్‌ను వేరుచేసింది. ఆ కృషికి వారిద్దరికీ 2008లో నోబెల్ బహుమతి లభించింది.

భారతదేశంలో ఈ వైరస్ ఉనికి 1986లో మద్రాసులో బయటపడింది. మద్రాసు వైద్య కళాశాలలో డాక్టర్ సునీతి సోలమన్ పర్యవేక్షణలో సెల్లప్పన్ నిర్మల అనే విద్యార్థిని సేకరించిన రక్తనమూనాలలో ఇది తేలింది. 1992లో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఏర్పడింది. అప్పటికి ప్రభుత్వాల చేతిలో ఉన్న ప్రధాన సాధనం ప్రచారం. చికిత్స వారి ప్రణాళికలో దాదాపుగా లేదు.

తొలిమందు ఏ.జెడ్.టి. అని పిలిచే జిడోవుడిన్‌కు 1987 మార్చిలో అమెరికాలో ఆమోదం లభించింది. దానిని మొదట్లో నాలుగేసి గంటలకొకసారి, రాత్రిళ్లు కూడా లేచి వేసుకోవలసి వచ్చేది. 1996లో మూడు మందుల కలయికతో వైరస్‌ను అదుపులో ఉంచవచ్చునని వాంకోవర్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు ప్రపంచానికి చాటింది. అయితే ఆ మందులలో ఒకటైన ఇండినావిర్‌ను ఎనిమిదేసి గంటలకొకసారి, ఖాళీ కడుపుతో, నీళ్లు ఎక్కువగా తాగుతూ వాడాలి. గడియారం చుట్టూ జీవితాన్ని కట్టివేసిన చికిత్స అది. మందులు క్రమం తప్పడమనే సమస్య రోగితో పుట్టలేదు, మందు స్వభావంతోనే పుట్టింది.

3. ధర తగ్గిన తీరు, హైదరాబాదు పాత్ర (1996-2004):

2000 సంవత్సరం ప్రాంతంలో మూడు మందుల చికిత్సకు ఒక్కొక్కరికి ఏడాదికి 10 వేల డాలర్లకు పైగా ఖర్చయ్యేది. 2001 ఫిబ్రవరిలో సిప్లా సంస్థ అధిపతి యూసుఫ్ హమీద్ అదే తరహా చికిత్సను సరిహద్దులు లేని వైద్యుల సంస్థకు ఏడాదికి 350 డాలర్లకు అందిస్తామని ప్రకటించారు. నాటి మారకపు విలువలో అది సుమారు 16 వేల రూపాయలు. స్టావుడిన్, లామివుడిన్, నెవిరాపిన్ అనే మూడింటిని ఒకే మాత్రలో చేర్చడం కూడా అప్పుడే జరిగింది. వేర్వేరు కంపెనీల పేటెంట్ల కింద ఉన్న మందులను ఒక మాత్రగా చేయడం పాశ్చాత్యదేశాలలో చట్టరీత్యా చిక్కుతో కూడిన పని. భారతదేశంలో 1970 పేటెంట్ల చట్టం మందుల తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. 2005 జనవరి 1 వరకు కొనసాగిన ఆ వెసులుబాటు ఈ మాత్రకు దారి చూపింది.

ఈ చరిత్రలో తెలుగునేలకు ప్రత్యేకస్థానం ఉంది. సోవియట్ సహకారంతో హైదరాబాదులో నెలకొన్న ఐ.డి.పి.ఎల్. కర్మాగారం ఒక తరం రసాయనశాస్త్రజ్ఞులకు శిక్షణ ఇచ్చింది. ఆ నేపథ్యంలో హైదరాబాదు ముడిమందుల తయారీకి దేశంలోనే ప్రధానకేంద్రమైంది. హెటిరో, అరబిందో, మ్యాట్రిక్స్ వంటి ఇక్కడి సంస్థలు హెచ్.ఐ.వి. మందులను పెద్దయెత్తున తయారుచేశాయి. 2003-2008 మధ్య అల్పాదాయ, మధ్యాదాయ దేశాలకోసం దాతల నిధులతో కొన్న ఈ మందులలో 80 శాతానికి పైగా భారతీయ కంపెనీలు సరఫరా చేసినవే. ఆఫ్రికాలో ఒక పల్లెటూరి మనిషి వేసుకున్న మాత్ర హైదరాబాదు శివార్లలో తయారై ఉండే అవకాశం చాలా ఎక్కువ.

అదే కాలంలో ఆ కర్మాగారాలున్న రాష్ట్రం హెచ్.ఐ.వి. తీవ్రత అధికంగా ఉన్న రాష్ట్రాలలో ఒకటి. కర్మాగారం ఇక్కడ ఉన్నంతమాత్రాన మందు ఇక్కడివారికి అందలేదు. ధర తగ్గడం మొదటి మెట్టు మాత్రమే. 350 డాలర్ల చికిత్స కూడా వ్యవసాయ కూలీకి అందని పండే.

4. ఉచిత చికిత్స: అర్హత, దూరం (2004-2017):

ఉచితంగా మందులివ్వాలన్న నిర్ణయాన్ని భారతప్రభుత్వం 2003 నవంబరు 30న ప్రకటించింది. 2004 ఏప్రిల్ 1న ఎనిమిది ఆసుపత్రులలో పథకం ఆరంభమైంది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటక, మణిపూర్, నాగాలాండ్ అనే ఆరు అధికతీవ్రత రాష్ట్రాలు, ఢిల్లీ తొలిదశలో ఉన్నాయి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో తొలికేంద్రం హైదరాబాదులో వెలిసింది. నాటి 23 జిల్లాల పటాన్ని ఎదుట పెట్టుకొని చూస్తే దీని అర్థం తెలుస్తుంది. శ్రీకాకుళం మనిషికి మందు ఉచితమే. దానిని తెచ్చుకోవడానికి సుమారు ఏడువందల కిలోమీటర్ల ప్రయాణం, రెండు రాత్రులు, పోయిన కూలి, ఊరివాళ్లకు చెప్పవలసిన ఒక అబద్ధం మాత్రం ఉచితం కావు.

తరువాతి సంవత్సరాలలో జిల్లా ఆసుపత్రులకు కేంద్రాలు విస్తరించాయి. స్థిరంగా ఉన్నవారు తమ ఊరికి దగ్గరలో మందులు తీసుకోవడానికి లింక్ ఏ.ఆర్.టి. కేంద్రాలు వచ్చాయి. మొదటి మందులు పనిచేయని వారికి రెండవశ్రేణి చికిత్స 2008లో ముంబయి, చెన్నై నగరాలలో మొదలై క్రమంగా ఇతర చోట్లకు చేరింది.

అర్హత మరొక గీత. రక్తంలోని సీ.డీ.4 కణాల సంఖ్య 200 కంటె తక్కువకు పడిపోయినవారికి, లేదా వ్యాధి ముదిరినవారికి తొలిదశలో మందులిచ్చారు. ఆరోగ్యవంతులలో ఈ సంఖ్య సాధారణంగా 500కు పైనే ఉంటుంది. అంటే శరీరం బాగా దెబ్బతిన్న తరువాతే చికిత్సాలయం తలుపు తెరుచుకునేది. ప్రపంచ ఆరోగ్యసంస్థ ఈ గీతను 2010 మార్గదర్శకాలలో 350కి, 2013లో 500కు పెంచి, 2015లో పూర్తిగా తొలగించింది. భారతదేశంలో 2017 నుండి వ్యాధి నిర్ధారణ అయిన ప్రతివారికీ చికిత్స విధానమైంది.

ఈ గీతకు నేటి వృద్ధాప్యంతో నేరుగా సంబంధం ఉంది. 2004-2010 మధ్య చికిత్సలో చేరినవారిలో అత్యధికులు రోగనిరోధకశక్తి క్షీణించిన దశలో చేరారు. ఆ ఆలస్యాన్ని వారు ఎంచుకోలేదు. అది విధానం నిర్ణయించినది. నాడు ఆలస్యంగా మొదలైన చికిత్స మిగిల్చిన బలహీనతను నేడు వారు వృద్ధాప్యంలో మోస్తున్నారు.

5. 95 శాతం: క్రమాన్ని కొలిచిన పద్ధతి, దాని వెనుక ఉన్న అనుమానం:

2000లో వెలువడిన ఒక అమెరికన్ అధ్యయనం 81 మంది రోగుల మందుసీసాలకు ఎలక్ట్రానిక్ మూతలు బిగించి, వారు ఎప్పుడెప్పుడు మూత తీశారో నమోదు చేసింది. 95 శాతం, అంతకు మించి మందులు వేసుకున్నవారిలోనే వైరస్ బాగా అదుపులో ఉందని తేల్చింది. నాటి మందుల స్వభావాన్ని బట్టి వచ్చిన ఈ సంఖ్య క్రమంగా ప్రపంచమంతటా ప్రమాణమైంది. రోజుకు రెండు మాత్రల చొప్పున నెలకు 60 మాత్రలు. మూడింటికి మించి మిగిలితే 95 శాతం తప్పినట్టే. ఏ.ఆర్.టి. కేంద్రంలో రోగి తిరిగి తెచ్చిన డబ్బాలోని మాత్రలను లెక్కపెట్టడం ఇలా ఆనవాయితీ అయింది.

ఈ కొలత వెంట ఒక అనుమానం కూడా నడిచింది. పేదలు, చదువురానివారు ఇంత క్రమంగా మందులు వాడగలరా అన్నదే ఆ అనుమానం. 2001లో అమెరికా అంతర్జాతీయ అభివృద్ధి సంస్థ అధిపతి ఆండ్రూ నాట్సియోస్, ఆఫ్రికాలో చాలామందికి గడియారపు కాలం తెలియదని, అందువల్ల వేళకు మందులు వేసుకోలేరని వాదించారు. ఆఫ్రికాకు ఈ మందులు పంపడానికి అభ్యంతరంగా చెప్పిన మాట అది. ఐదేళ్ల తరువాత, 2006లో అమెరికా వైద్యసంఘం పత్రికలో వెలువడిన ఒక సమీక్ష అనేక అధ్యయనాలను కలిపి చూసింది. తగిన స్థాయిలో మందులు వాడినవారు ఉత్తర అమెరికాలో 55 శాతం కాగా, సహారా దిగువ ఆఫ్రికాలో 77 శాతం. మందు చేతికి అందినచోట పేదలు దానిని కాపాడుకున్నారు.

అదే సంవత్సరం మరొక సందేహం కూడా తీరింది. దుష్ఫలితాలు తగ్గించడానికి సీ.డీ.4 కణాలు బాగున్నప్పుడు మందులు ఆపి, తగ్గినప్పుడు మళ్లీ ఇస్తే ఎలా ఉంటుందని 5,472 మందితో స్మార్ట్ అనే అంతర్జాతీయ పరీక్ష జరిగింది. మందులు ఆపినవారిలో మరణాలు పెరిగాయి. గుండె, మూత్రపిండాలు, కాలేయ వ్యాధులు కూడా వారిలోనే ఎక్కువగా కనిపించాయి. ఈ మందులు జీవితాంతం ఆపకూడనివని దీంతో స్థిరపడింది. జీవితాంతం అన్నమాటలో వృద్ధాప్యం కూడా ఉన్నదన్న ఎరుక మాత్రం విధానాలలోకి రావడానికి చాలా ఏళ్లు పట్టింది.

కేంద్రాల రిజిస్టర్లలో చాలాకాలం మందులకు రానివారిని లాస్ట్ టు ఫాలో-అప్ అనే వర్గంలో రాస్తారు. వలసపోయినవారు, మంచం పట్టినవారు, తోడువచ్చే మనిషిని పోగొట్టుకున్నవారు, సమాచారం అందకుండా మరణించినవారు అందరూ ఈ ఒక్క వర్గంలో కలిసిపోగలరు. మనిషి రాకపోవడాన్ని మాత్రమే నమోదు చేసి, కారణాన్ని నమోదు చేయని రికార్డు చరిత్రకారునికి ఎంత తక్కువ చెబుతుందో, వైద్యునికీ అంతే తక్కువ చెబుతుంది.

6. లెక్కకు రాని వయస్సు:

హెచ్.ఐ.వి. వ్యాప్తిని చెప్పే అంతర్జాతీయ సూచికలలో ముఖ్యమైనది 15-49 ఏళ్లవారిలో వ్యాధి శాతం. సంతానోత్పత్తి వయస్సు ఆధారంగా స్థిరపడిన గీత ఇది. భారతదేశపు మూడవ జాతీయ కుటుంబ ఆరోగ్యసర్వే 2005-06లో స్త్రీలకు 49 ఏళ్ల వరకు, పురుషులకు 54 ఏళ్ల వరకు మాత్రమే రక్తపరీక్షలు జరిపింది. అదే కాలంలో గుంటూరు జిల్లాలో ఇంటింటికీ తిరిగి జరిపిన జనాభా ఆధారిత అధ్యయనం, నాటి ప్రభుత్వ పద్ధతి ప్రకారం వచ్చే అంచనాలో వాస్తవసంఖ్య సగం కంటె తక్కువని చూపి ప్రసిద్ధమైంది. దేశపు అంచనాలు 2007లో సుమారు 52 లక్షల నుండి 25 లక్షలకు సవరణ పొందిన సందర్భంలో ఇటువంటి అధ్యయనాలకు ప్రాముఖ్యం ఉంది. ఆ గుంటూరు అధ్యయనం కూడా 15-49 ఏళ్లవారికే పరిమితం.

ప్రచారసామగ్రిలోనూ ఇదే గీత కనిపిస్తుంది. పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా అని గోడలమీద, హోర్డింగులమీద రాష్ట్రమంతటా వేసిన ప్రశ్న ఆ తరం తెలుగువారెవరూ మరువలేనిది. ఆ ప్రశ్న యువకుడైన పురుషుణ్ణి ఉద్దేశించినది. వ్యాధి సోకుతుందా లేదా అన్నంతవరకే దాని పరిధి. సోకిన తరువాత పులిరాజా ఎలా బతుకుతాడు, అరవై ఏళ్లకు ఎవరి తోడుతో ఆసుపత్రికి వెళతాడు అని అడగవలసిన అవసరం నాటికి ఎవరికీ తోచలేదు.

నాటి సాహిత్యంలో, నివేదికలలో వృద్ధులు కనిపించకపోలేదు. కొడుకును, కోడలిని పోగొట్టుకొని మనుమలను పెంచే అవ్వగా, తాతగా కనిపించారు. సంరక్షకులుగా చరిత్రలోకి వచ్చిన వృద్ధులు రోగులుగా రావడానికి మరొక దశాబ్దం పట్టింది. ఐక్యరాజ్యసమితి ఎయిడ్స్ విభాగం 2013లో ఈ విషయంపై ప్రత్యేక ప్రచురణ తెచ్చి, ప్రపంచంలో హెచ్.ఐ.వి.తో జీవిస్తున్న 50 ఏళ్లు పైబడినవారు 36 లక్షల మంది ఉన్నారని అంచనా వేసింది.

భారతదేశంలో 2021 అంచనాల ప్రకారం హెచ్.ఐ.వి.తో జీవిస్తున్నవారు సుమారు 24 లక్షలు. వారిలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3.2 లక్షలు, తెలంగాణలో సుమారు 1.6 లక్షలు. దేశం మొత్తంలో ప్రతి ఐదుగురిలో ఒకరు తెలుగురాష్ట్రాలవారు. కాబట్టి ఈ వ్యాధితో వృద్ధులవుతున్న తరం సమస్య మనకు పరాయిది కాదు. వయస్సు గీతల తేడా ఇక్కడ మరొక చిక్కు తెచ్చింది. హెచ్.ఐ.వి. వల్ల శరీరంలో దీర్ఘకాలం నిలిచే వాపు లక్షణం కారణంగా గుండెజబ్బులు, ఎముకల బలహీనత వంటివి ముందుగా రావచ్చు. 52 ఏళ్లకే వృద్ధాప్యపు జబ్బులు వచ్చిన మనిషి వయస్సు చాలని కారణంగా అనేక వృద్ధుల పథకాలకు అర్హుడు కాడు.

7. మాత్ర తేలికైంది, సంచి బరువెక్కింది:

తొలిదశ మాత్రలోని స్టావుడిన్ ప్రాణాలు నిలిపింది. దీర్ఘకాలంలో అరికాళ్ల మంటలు, తిమ్మిర్లు తెచ్చింది. బుగ్గల్లోని కొవ్వు కరిగిపోయి ముఖం పీక్కుపోయేలా చేసింది. వ్యాధిని దాచుకోదలచిన మనిషి ముఖంమీదే మందు దాని గుర్తు వేసింది. ప్రపంచ ఆరోగ్యసంస్థ దానిని క్రమంగా మానివేయాలని 2009 చివరలో సూచించింది. తరువాత టెనోఫోవిర్, లామివుడిన్, ఎఫావిరెంజ్ కలిసిన మాత్ర రోజుకొక్కసారి చాలునన్న సౌలభ్యం తెచ్చింది. 2019 మార్గదర్శకాలలో ఎఫావిరెంజ్ స్థానంలో డొలుటెగ్రావిర్‌కు ప్రాధాన్యం లభించింది. నాలుగు గంటలకొకసారి లేచి వేసుకున్న మందు నుండి రోజుకొక మాత్ర వరకు సాగిన ఈ ముప్పైయేళ్ల ప్రయాణం వైద్యచరిత్రలో అరుదైనది.

వృద్ధుల అనుభవంలో దీనికి రెండవ పార్శ్వం ఉంది. హెచ్.ఐ.వి. మందు ఒక్కటైన కాలానికి రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్, కీళ్లనొప్పుల మందులు వచ్చి చేరాయి. వాటి మధ్య పొత్తు కుదరాలి. టెనోఫోవిర్ వాడేవారిలో మూత్రపిండాలను, ఎముకలను గమనిస్తూ ఉండాలి. డొలుటెగ్రావిర్ మధుమేహానికి వాడే మెట్‌ఫార్మిన్ మోతాదును రక్తంలో పెంచుతుంది. కాల్షియం, ఇనుము మాత్రలను దానితో కలిపి పరగడుపున వేసుకుంటే డొలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. ఈ సంగతి ఏ.ఆర్.టి. వైద్యునికి తెలుసు. మోకాళ్లనొప్పులకు కాల్షియం రాసిచ్చే ఊరి వైద్యునికి, రోగి హెచ్.ఐ.వి. మందులు వాడుతున్నట్టే తెలియదు. చెప్పడానికి రోగి భయపడతాడు. రహస్యం కాపాడుకోవడమూ, మందు ఫలించడమూ ఒకదానికొకటి అడ్డుపడే పరిస్థితి ఇది.

పెద్దవయస్సులో మందులు తప్పడం ఎక్కువని భావించడం సహజం. అధ్యయనాలు దీనికి భిన్నంగా ఉన్నాయి. 2013లో వెలువడిన ఒక సమీక్ష ప్రకారం యువకులతో పోలిస్తే పెద్దవారిలో మందులు తప్పే అవకాశం 27 శాతం తక్కువ. 2004లో లాస్ ఏంజిలెస్ పరిశోధకులు ఇదే ధోరణిని గమనించి, ఒక మినహాయింపును చూపారు. జ్ఞాపకశక్తి, ఆలోచనాశక్తి తగ్గిన వృద్ధులు మందులు వాడడంలో వెనుకబడ్డారు. అంటే పెద్దలలో మందు తప్పిందంటే అది తరచుగా సంకల్పలోపం కాదు, కొత్తగా వచ్చిన మరొక జబ్బుకు సూచన. దానిని మందలింపుతో ఎదుర్కొనే కేంద్రం ఒక రోగలక్షణాన్ని తప్పుగా లెక్కవేసినట్టే.

గుండెజబ్బుల నివారణకు సంబంధించి 2023లో ముఖ్యమైన ఫలితం వెలువడింది. భారతదేశంతో సహా 12 దేశాలలో, 40-75 ఏళ్ల వయస్సుగల 7,769 మంది హెచ్.ఐ.వి. బాధితులతో జరిగిన రిప్రీవ్ పరీక్షలో, పిటావాస్టాటిన్ అనే కొలెస్టరాల్ మందు తీవ్రమైన గుండె, రక్తనాళ సమస్యలను 35 శాతం తగ్గించింది. చికిత్సాపరిశోధన ఈ తరం వృద్ధాప్యాన్ని దృష్టిలో పెట్టుకొని సాగడం మొదలైందనడానికి ఇదొక నిదర్శనం.

8. సంస్థలు, చట్టం, ఇల్లు:

2010లో కేంద్రప్రభుత్వం వృద్ధుల ఆరోగ్యసంరక్షణకు ఒక జాతీయ కార్యక్రమాన్ని, మధుమేహం, గుండెజబ్బులు వంటి వాటికి మరొక కార్యక్రమాన్ని ఆరంభించింది. హెచ్.ఐ.వి. కార్యక్రమం అప్పటికే వేరుగా నడుస్తోంది. వేర్వేరు నిధులు, వేర్వేరు రిజిస్టర్లు ఏర్పడ్డాయి. ఒకే వృద్ధురాలి శరీరం మూడు వరుసలలో నిలబడవలసి వచ్చింది. ఆమెకు ఆటో ఖర్చు ఇచ్చేవారు, వెంటవచ్చేవారు మాత్రం ఒక్కరే ఉంటారు, లేదా ఎవరూ ఉండరు. భర్త ద్వారా వ్యాధి సోకి, చిన్నవయస్సులోనే భర్తను కోల్పోయి, ఒంటరిగా పెద్దవారైన స్త్రీలకు ఈ భారం మరింత ఎక్కువ.

2020 లాక్‌డౌన్ కాలంలో అనేక నెలల మందులను ఒకేసారి ఇచ్చే పద్ధతి విస్తరించింది. ప్రతినెలా రావడం క్రమశిక్షణకు గుర్తని భావించిన వ్యవస్థ, రాకుండానే చికిత్స సాగగలదని ఆపత్కాలంలో తెలుసుకుంది. వృద్ధులకు ఇది అందరికంటె ఎక్కువగా ఉపకరించే మార్పు.

2017లో పార్లమెంటు హెచ్.ఐ.వి., ఎయిడ్స్ నివారణ, నియంత్రణ చట్టాన్ని ఆమోదించింది. అది 2018 సెప్టెంబరు 10న అమలులోకి వచ్చింది. ఉద్యోగం, వైద్యం, విద్య, నివాసం వంటి విషయాలలో వివక్షను నిషేధించి, అనుమతిలేకుండా వ్యాధి వివరాలు వెల్లడించడాన్ని తప్పుగా పరిగణించింది. చికిత్స అందించే బాధ్యతను మాత్రం సాధ్యమైనంతవరకు అనే మాటతో ముడిపెట్టింది. జీవితాంతం ఆగకూడని మందు విషయంలో ఈ మాట హక్కుల కార్యకర్తల విమర్శకు గురైంది.

తెలుగు రాష్ట్రాల పింఛను పథకాలలో హెచ్.ఐ.వి. బాధితులకు చోటుంది. తెలంగాణలో 2014లో మొదలైన ఆసరా పథకం వృద్ధులు, వితంతువులు, దివ్యాంగులతోపాటు వీరినీ చేర్చుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఏ.ఆర్.టి. పేరుతోనే ఒక పింఛను వర్గం ఉంది. ఇది బస్సుచార్జీకి, తిండికి ఆధారమై చికిత్సను నిలబెట్టే సాయం. అదే సమయంలో పింఛను వర్గం పేరు నలుగురికీ తెలిసే ప్రమాదం ఉన్నచోట అర్హులే వెనుకాడతారు. సాయం అందించే తీరులో గోప్యత కూడా మందులాగే అవసరం.

9. ముగింపు:

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. హెచ్.ఐ.వి. చికిత్సను రోగులు కొనసాగించగలగడం ప్రధానంగా వారిమీద ఉన్న భారం తగ్గినప్పుడు సాధ్యపడింది. ధర 2001 తరువాత, రుసుము 2004లో, అర్హత గీత 2017లో తొలగాయి. మాత్రల సంఖ్య, కేంద్రపు దూరం క్రమంగా తగ్గాయి. పేదలకు క్రమం తెలియదన్న వాదాన్ని ఆఫ్రికా అనుభవం తోసిపుచ్చింది.

2. మందుల తయారీలో ప్రపంచానికే ఆధారమైన హైదరాబాదు, వ్యాధి తీవ్రత అధికంగా ఉన్న తెలుగు జిల్లాలు ఒకే రాష్ట్రంలో ఉన్నా, ఆ రెండింటిమధ్య దూరాన్ని తగ్గించింది ప్రజారోగ్యవిధానమే. మార్కెట్టు ఒక్కటే ఆ పని చేయలేకపోయింది.

3. 49 ఏళ్ల వద్ద ఆగిన గణాంకాలు వృద్ధులను చాలాకాలం కనిపించకుండా చేశాయి. 50 ఏళ్లు పైబడినవారి వివరాలను జిల్లాలవారీగా వేరుగా ప్రకటించడం విధానరూపకల్పనకు మొదటి అవసరం.

4. నేటి వృద్ధుల భారాలు కొత్తవి: అనేక జబ్బుల మందుల మధ్య పొత్తు, మరపు, నడవలేకపోవడం, తోడులేకపోవడం, వేర్వేరు వరుసలు. ఒకేచోట అన్ని జబ్బులకూ చూపు, కొన్ని నెలలకు సరిపడే మందులు, రాలేనివారికి ఇంటివద్ద అందజేత, మందు తప్పినప్పుడు జ్ఞాపకశక్తిని కూడా పరీక్షించడం గతానుభవం సూచించే మార్గాలు.

ఈ తరం జ్ఞాపకాలను నమోదు చేయవలసిన బాధ్యత చరిత్రకారులమీద కూడా ఉంది. 2004కు ముందు పొలమో, పుస్తెలో అమ్మి మందు కొన్నవారు, తొలికేంద్రానికి రాత్రిబస్సులో వెళ్లినవారు, తోటివారిని కేంద్రానికి చేయిపట్టి నడిపించినవారు ఇప్పుడు మన మధ్య వృద్ధులుగా ఉన్నారు. పేర్లు గోప్యంగా ఉంచుతూ, వారి అనుమతితో, జిల్లాలవారీగా మౌఖికచరిత్ర సేకరణ చేపడితే తెలుగువారి ఆరోగ్యచరిత్రలో పెద్ద ఖాళీ పూరించినట్లవుతుంది. ఆసుపత్రి రిజిస్టర్లు వారు ఏ నెలలో రాలేదో చెబుతాయి. ఆ నెలలో ఏమి జరిగిందో చెప్పగలిగినది వారు మాత్రమే.